కుక్క నా మాస్కు దగ్గరే కూర్చుంది

ఇసుక మీద ఎండబెట్టిన నెత్తళ్లు తిరగేస్తుంటే దగ్గు తెర వచ్చి గంప పక్కనే కూలబడ్డాను. చేపలమ్మి బతికేదాన్ని, దగ్గు నాకు కొత్తా? కానీ ఆ రోజు ఆయాసం వేరుగా ఉంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడింది. పురిటికొచ్చిన నా కూతురు సుజాతకు టీబీ ఏమోనని అనుమానం మొదలైంది. దాని పసిబిడ్డ నిద్రపోయేది నా ఒళ్లోనే మరి.

ఆసుపత్రిలో చిన్న డబ్బా ఇచ్చి, "ఉమ్మి తీసుకురామ్మా" అన్నారు. తీసుకెళ్లాను. రిపోర్టు నెగెటివ్. టీబీ లేదన్నారు. హమ్మయ్య అనుకుని బిడ్డనెత్తుకున్నాను. దగ్గు మాత్రం తగ్గలేదు.

అప్పుడే మా విడవలూరు వైపు ఆసుపత్రివాళ్లు ఒక కుక్కను తెచ్చారు. టీబీ వాసన పసిగట్టేలా శిక్షణ ఇచ్చారట. దగ్గేవాళ్లకు కాసేపు తొడిగించిన మాస్కులు డబ్బాల్లో వేసి వరసగా పెట్టారు. అది వాసన చూసుకుంటూ వచ్చి నా డబ్బా ముందు కూర్చుంది. కూర్చుంటే జబ్బు అనుమానమేనట.

కుక్కను తెచ్చినాయన మీద నాకు ఒళ్లు మండింది. "ఏంది సారూ, ఎండుచేపల కంపుకి కుక్క కూచోక ఏం చేస్తాది? మా వీధి కుక్కలన్నీ నా గంప ముందే కూచుంటాయి. వాటికీ డాక్టరు పట్టాలిచ్చేయండి!" అన్నాను. అందరూ నవ్వారు. సుజాత నవ్వలేదు. నా చేతుల్లోంచి బిడ్డను తీసేసుకుంది. నా ప్రాణం పోయినట్టయింది.

"మళ్లీ పెట్టండి. నాతో చేపలమ్మే మా వదిన మాస్కూ పెట్టండి" అని పట్టుబట్టాను. వరస మార్చారు. మోసం జరక్కుండా నేనే దగ్గర నిలబడి చూశాను. కుక్క వదిన డబ్బా దాటి వచ్చి నా దాని ముందే కూర్చుంది.

అయినా నమ్మలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ కూడా నమ్మమనలేదు. "కుక్క చెప్పిందని మందులియ్యలేమమ్మా. మళ్లీ పరీక్ష చేద్దాం. పోయినసారి డబ్బాలో ఏమిచ్చినావు?"

"ఉమ్ము తెమ్మన్నారు, ఉమ్మే ఇచ్చినా."

ఆమె తల పట్టుకుంది. "నోట్లో ఉమ్ము కాదు తల్లీ! గట్టిగా దగ్గితే రొమ్ములోంచి వచ్చే కళ్లె కావాల."

ఈసారి కళ్లె ఇచ్చాను. టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షలో పాజిటివ్ వచ్చింది. బిడ్డకూ పరీక్షలు చేశారు. జబ్బు లేదు, ముందుజాగ్రత్తగా మందు వాడమన్నారు. ఆ మాట వినేదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

మాత్రలు నన్ను కాల్చుకు తిన్నాయి. మధ్యలో కళ్లు పచ్చబడితే, "లివర్ తట్టుకోలేదు" అని డాక్టరమ్మ కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టింది. ఇక అంటుకోదని ఆమె చెప్పేదాకా బిడ్డను గడప ఇవతల నుంచే చూశాను.

ఇప్పుడు జబ్బు నయమైంది. పాప నడుస్తోంది, నా ఒళ్లోకి తనే ఎక్కుతోంది. సుజాత ఇప్పుడు లాక్కోదు. కుక్క జబ్బును వాసన పడుతుందనే సంగతి నాకింకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. మీకు చెప్పేది ఒకటే. ఆసుపత్రిలో డబ్బా ఇస్తే "ఉమ్మా, కళ్లెనా?" అని అడిగి తీసుకోండి. కుక్క మీద పడ్డ అనుమానంలో పిసరంతైనా ఆ మొదటి ఉమ్ము డబ్బా మీద నాకు పడలేదు.