జీవరత్నం మాస్టారి ‘గెట్’ పేజీ

1974లో గవర్నర్‌పేటలో మాది చిన్న ప్రెస్సు. మా దగ్గరున్న సీసపు అక్షరాలు ఎనిమిది పేజీలకే చాలేవి. అచ్చయిన పేజీ విప్పి, అక్షరాలు మళ్ళీ అరల్లో వేసుకుంటే గానీ తర్వాతిది కూర్చలేం. అలాంటి చోట రిటైరైన ఇంగ్లీషు మాస్టారు జీవరత్నం గారు తను పిల్లల కోసం రాస్తున్న నిఘంటువులో ‘గెట్’ అనే క్రియ దగ్గర ఆగిపోయి, మూడు నెలలు మమ్మల్ని కదలనివ్వలేదు.

పొద్దున్నే గుణదల నుంచి నడిచొచ్చేవారు. కూర్చోమన్నా కూర్చోరు. అక్షరాలు కూర్చే కంపోజిటర్ హుమాయూన్ వెనకాల అటూ ఇటూ తిరుగుతూ జేబులోంచి ఇంకో అర్థం తీసేవారు. ఆ మాట వెయ్యేళ్ళ కిందట ఉత్తర సముద్రాల మీద పడవల్లో వచ్చినవాళ్ళు ఇంగ్లీషువాళ్ళకి వదిలిపోయిందట. మొదట్లో దొరకడం, సంపాదించడమే దాని అర్థమట. చేరడం, బోధపడడం, మారడం తర్వాత వచ్చి చేరాయట. నాకు ఒళ్ళు మండేది.

ఓ రోజు గట్టిగా అడిగేశాను, ఈ పేజీకి విముక్తి ఉందా లేదా అని. అప్పుడు చెప్పారు. ఉయ్యూరులో పనిచేసేటప్పుడు ఎనిమిదో తరగతి పరీక్షలో అమలమ్మ అనే పిల్ల ‘గెట్టింగ్ ఓల్డ్’ అన్నదానికి ‘ముసలిదవుతోంది’ అని రాసింది. ఆ క్రియకి ‘పొందు’ ఒక్కటే అర్థమనుకున్న మాస్టారు కొట్టేశారు. ఆ పిల్ల రెండు మార్కుల తేడాతో పరీక్ష తప్పింది. తండ్రి బడి మాన్పించి చెరుకు నరకడానికి తీసుకుపోయాడు. అచ్చయిన పేజీ తీసుకెళ్ళి ఆమె ముందు తప్పు ఒప్పుకోవాలని ఆయన కోరిక.

“మరి వెళ్ళరేమండీ?” అన్నాను.

“ఇంకా పూర్తవలేదు కదండీ.”

పూర్తయితే వెళ్ళాలి, అదీ ఆయన భయం. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. హుమాయూన్‌తో అప్పటికప్పుడు ఆ పేజీ అచ్చు వేయించి, సిరా ఆరకుండానే ఆయన చేతిలో పెట్టాను. మధ్యలో దిగిపోతారేమోనని ఉయ్యూరు బస్సులో నేనూ పక్కనే కూర్చున్నాను. దారంతా ఆయన ఆ కాయితం మడిచి విప్పుతూనే ఉన్నారు.

అమలమ్మ పొలంలో చెరుకు మోపులు బండికెత్తుతోంది. మాస్టార్ని చూడగానే పోల్చుకుని, తలపాగా తీసి చేతులు తుడుచుకుంది.

“నువ్వు రాసిందే ఒప్పమ్మా. తప్పు నాది,” అని మాస్టారు కాయితం అందించారు.

ఆమె చాలాసేపు దాన్నే చూసింది.

“చదవడం మర్చిపోయానండి మాస్టారూ. నేను రాసిందెక్కడుందో మీరే చూపించండి.”

ఆయన వేలు పెట్టబోయారు. మళ్ళీ ఆగి, ఆమె వేలే పట్టుకుని ‘ముసలిదవుతోంది’ అన్న మాట మీద పెట్టారు.