పేలిక ఆడతా ఉండాదా సామీ?

మా మేస్త్రీ పోయిన వార్త ఆసుపత్రి మెయింటెనెన్స్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దానికి పైన ఉన్న మెసేజ్, "రెండో అంతస్తు ఆడవాళ్ల బాత్రూంలో నీళ్లు రావడం ల్యా." కింద ఉన్న మెసేజ్, "చెత్తకు పసుపు సంచులు అయిపోయినాయి." మధ్యలో వార్డు ఆయమ్మ పెట్టిన మూడు మాటలు: "మేస్త్రీ పోయినాడు సార్." ప్లంబరు వెంటనే జవాబిచ్చాడు. "యాడికి పోయినాడు? ఈడ ట్యాంకు కాడ పని ఉండాది గదా." ప్లంబరును తప్పు పట్టలేను. వారం రోజులుగా వార్డులో రోగిగా పడుకుని ఉన్నా, ముందురోజు దాకా ఆయన మంచం మీది నుంచే అతనికి ఫోన్లో పనులు చెబుతూ వచ్చాడు. సంగతి తెలిశాక ప్లంబరు ఆ మెసేజ్ తీసేశాడు. తీసేసిన గుర్తు మాత్రం ఇంకా అక్కడే ఉంది.

నా గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. నేను తిరుపతిలో ఆ ఆసుపత్రికి ఎనర్జీ ఎగ్జిక్యూటివ్‌ని. అంటే లైట్లు ఆర్పేవాడిని. "నాలుగేండ్లు కరెంటు సదివింది ఆర్పేదానికా రా?" అని మా నాయన ఇప్పటికీ అడుగుతాడు. మేస్త్రీ సంగతి వేరు. ఆసుపత్రికి పునాదులు తీసేటప్పుడు ఇటుకలు మోయడానికి వచ్చి, కట్టడం పూర్తయినా తిరిగి వెళ్లడం మరిచిపోయిన మనిషి ఆయన. కాగితాల మీద నేను ఆయనకు పైఅధికారిని. ఈ విషయం మా ఇద్దరిలో నాకొక్కడికే తెలుసు.

చేరిన రోజు నన్ను బిల్డింగంతా తిప్పాడు. డాక్టర్ల కంటే ముందు ఆయన రౌండ్స్ అయిపోవాలి. లిఫ్టు ఎక్కడు. గోడ మీద అరచెయ్యి ఆనించి, పసిబిడ్డ నుదురు చూసినట్టు కాసేపు చూసి, "లోపల పైపు చెమరస్తా ఉండాది" అనేవాడు. నేను నవ్వేవాడిని. పగలగొట్టి చూస్తే పైపు చెమరుస్తూనే ఉండేది.

"బిల్డింగు గూడా ఇన్‌పేషెంటే సామీ. మిగతావాళ్లను డిశ్చార్జి సేస్తారు, దీన్ని సెయ్యరు. అంతే తేడా."

నన్ను 'సామీ' అనే పిలిచేవాడు. మా వైపు ఆ మాటను దేవుడికీ వాడతారు, దారికి అడ్డంగా స్కూటరు పెట్టినవాడికీ వాడతారు. నన్ను పిలిచినప్పుడు ఏ అర్థంలోనో నేను అడగలేదు.

నేల తుడిచే ఆయమ్మ ఒక వార్డులో గుడ్డ ముంచిన నీళ్లనే రెండో వార్డుకు తీసుకెళ్తే ఆయనకు ఒళ్లు మండేది. "ఏమ్మా, మురికి తుడస్తా ఉండావా, ప్రసాదం మాదిరి అందరికీ పంచతా ఉండావా?" ఆయమ్మ తక్కువది కాదు. "నీకు గూడా రవ్వంత తీసిపెడతాలే మేస్త్రీ, లైన్లో నిలబడు" అనేది. అయినా బకెట్టు మార్చేది.

మా మగవాళ్ల ఛాతీ వార్డుకు ఒకప్పుడు కొండవైపు కిటికీలు ఉండేవట. కొత్త బ్లాకు వచ్చి గోడకు గోడ ఆనుకోవడంతో వాటిని మూసేశారు. "అలిపిరి గాలి ఊరికే వస్తా ఉన్నింది సామీ. దాన్ని ఆపేసి, లోపలి గాలిని బయటికి పంపేదానికి మోటారు పెట్టినారు. సదువుకున్నోళ్ల తెలివి." అప్పటి నుంచి ఆ వార్డులో దగ్గే వాళ్లందరి గాలీ బయటికి పోవడానికి ఉన్నది ఒకే దోవ. గోడ పైన ఇనప జాలీ, దాని వెనక గొట్టం, డాబా మీద ఒక పెద్ద ఫ్యాను.

ఆయన పేలికలు వచ్చింది అక్కడే. ఆయనది నగరి, ఇంట్లో మరమగ్గం ఉంది. చీర అంచుల్లో కోసేసిన సన్న పేలికలు సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చేవాడు. ఆసుపత్రిలో గాలి లాగే ప్రతి జాలీకీ ఒక పేలిక కట్టేవాడు. పైన ఫ్యాను గాలిని లాగుతుంటే పేలిక జాలీ వైపు ఈడ్చుకుపోయి ఆడుతుంది. లాగకపోతే ఊరికే వేలాడుతుంది. అంతే ఆయన యంత్రం. పొద్దున్నే ఫోన్ చేసి ఆయమ్మలను అడిగేది ఒకటే, "పేలిక ఆడతా ఉండాదా?" నేను ఫ్యాను తిరుగుతోందని చెబితే ఒప్పుకునేవాడు కాదు. "తిరగతా ఉందా అని నేనడగలేదు సామీ. గాలి పోతా ఉండాదా అని అడిగినా."

అయితే తిరుపతిలో ఇనప జాలీకి పసుప్పచ్చ గుడ్డపేలిక కట్టి వదిలేస్తే ఏమవుతుందో, ఇన్నేళ్లు ఈ ఊళ్లో పనిచేసిన మనిషి ఆలోచించలేదు. ఛాతీ వార్డులో కొడుకు పక్కన కూర్చున్న ఒక తల్లి, నిచ్చెన మీద ఉన్న ఈయన్ను అడిగింది. "దేనికి కడతా ఉండావు నాయనా?" ఈయన పనిలో ఉండి, "గాలి కోసరమమ్మా" అన్నాడు. ఆమె కొడుకుకు ఊపిరాడటం లేదు. ఆమెకు అర్థం కావలసినట్టే అర్థమైంది. సాయంత్రానికి పసుపు గుడ్డలో ముడుపు చుట్టి పేలిక పక్కన కట్టింది. కొడుకు కోలుకుని ఇంటికెళ్లాడు. ఇక చూడండి, నెల తిరిగేసరికి జాలీ నిండా ముడుపులే. దేవుడు వచ్చాడు, గాలి ఆగిపోయింది.

ఆయన వాటిని ఒక్కొక్కటిగా విప్పి, కళ్లకద్దుకుని సంచిలో వేసుకున్నాడు. సెలవు రోజున అలిపిరి నుంచి మెట్లెక్కిపోయి, ఎవరెవరి ముడుపులో అన్నీ హుండీలో వేసి వచ్చాడు. "ఒకరి మొక్కును మనం సెత్తలో ఎయ్యకూడదు గదప్పా." తర్వాత తెలివిగా పసుపు మాని నీలం పేలికలు కట్టాడు. జనం నీలం ముడుపులు కట్టారు.

ఆ సమయంలో నేను రంగంలోకి దిగాను. ప్రతి ఫ్యానుకూ మీటరు బిగించి, ఏది ఎంత కరెంటు తింటోందో ఫోన్లో కనబడేట్టు చేశాను. తిరిగే ఫ్యానుకు ఆకుపచ్చ గీత, ఆగితే ఎర్ర గీత. ఇక గుడ్డముక్కలెందుకు? వార్డులో దుమ్ముపట్టే గుడ్డ వేలాడటం శుభ్రతకు విరుద్ధమని సర్క్యులర్ రాసి, ఒక్క పూటలో అన్నీ పీకించాను. రాసినదాంట్లో అబద్ధం లేదు. అందుకే ఆయన వాదించలేకపోయాడు. సర్క్యులర్‌ను రెండుసార్లు చదివించుకుని, "బాగా రాసినావు సామీ" అన్నాడంతే.

కొన్నాళ్లకు ఆయనకే ఆయాసం వచ్చింది. సున్నం, సిమెంటు పీల్చిన ఛాతీ. ఏరికోరి ఛాతీ వార్డులో జాలీ కింది మంచమే వేయించుకున్నాడు. చూడటానికి వెళ్తూ నేనొక బహుమతి తీసుకెళ్లాను. ఫోన్లో ఆకుపచ్చ గీత. ఆ వార్డు ఫ్యాను కరెంటు ఉన్నట్టుండి సగానికి సగం పడిపోయింది. నా పొదుపు పథకం ఫలించిందని మీటింగులో చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

"చూడండి మేస్త్రీ, మీ వార్డే ఫస్టు!"

ఆయన గీతను చూశాడు. నన్ను చూశాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడదీసుకుంటూ, "కూలోడు కూడు తక్కువ తింటా ఉండాడంటే, పని తగ్గించినాడని అర్థం సామీ. యాడో ఏదో తెగింది. ఒకతూరి పైకెక్కి సూడు" అన్నాడు.

"మీకు ఆయాసంగా ఉండి అట్లా అనిపిస్తోంది."

"ఆయాసం నాకు కొత్త కాదు. ఈ గదికి కొత్త. పోనీ, ఒక పేలికన్నా కట్టు."

రేపు చూస్తాలెమ్మన్నాను. రేపు మీటింగు. ఎల్లుండి ఆదివారం. ఆ మరునాడు గ్రూపులో ఆ మూడు మాటలు.

ఆ రోజు మెట్ల మీదుగానే డాబా ఎక్కాను. మోటారు మహా ఉత్సాహంగా తిరుగుతోంది. మోటారుకూ ఫ్యానుకూ మధ్య ఉండాల్సిన బెల్టు తెగి, చచ్చిన పాములా పక్కన పడి ఉంది. కదలని ఫ్యాను రెక్క మీద పావురం పుల్లలు పేర్చుకుంటోంది. నన్ను చూసి ఎగరను కూడా లేదు. భారం లేని మోటారు కరెంటు తక్కువ తింటుంది. ఇది నాకు కాలేజీలో రెండో సంవత్సరమే చెప్పారు. పరీక్షలో రాశాను కూడా.

డాక్టరుగారిని అడిగాను. "ఆయన ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి. ఫ్యానుకూ దానికీ సంబంధం లేదు. నువ్వు మనసు పాడుచేసుకోవద్దు" అన్నారు. మంచి మనిషి, నిజమే చెప్పి ఉంటారు. ఆ మాటను రోజూ తీసి చూసుకుంటున్నాను. అది మేస్త్రీ ఒక్కడి గురించి చెప్పిన జవాబు. మిగతా మంచాల గురించి నేనడగలేదు, డాక్టరుగారు చెప్పలేదు.

కొత్త బెల్టుకు అదే రోజు రాశాను. ఆ కొలత బెల్టు ఇప్పుడు రాదట. ఫ్యాను మొత్తం మార్చాలట. ఫైలు పైకి వెళ్లింది. ఊళ్లో నాకు తెలిసిన అంగళ్లన్నీ తిరిగాను. మేస్త్రీ అయితే ఏ మిల్లు నుంచో తెచ్చి సాయంత్రానికి బిగించేవాడు. ఎక్కడ దొరుకుతుందో ఆయన్ను ఒక్కసారైనా అడిగి పెట్టుకోలేదు. ఫోన్లో గీత మాత్రం ఆకుపచ్చగానే ఉంది.

నగరి వెళ్లాను. ఆయన భార్య మగ్గం మూల నుంచి ఒక సంచి తెచ్చి నా ముందు పెట్టింది. నిండా పేలికలు. "పొయ్యి తుడిసేదానికి గూడా ఒకటియ్యలేదప్పా. ఆస్పత్రికి, ఆస్పత్రికి అని దాసిపెట్టినాడు. నువ్వన్నా తీసకపో."

తెచ్చాను. నా సర్క్యులర్ ఇంకా గోడ మీదే ఉంది. దాని పక్కనే నిచ్చెన వేసుకుని జాలీకి ఒక పేలిక కట్టి, కిందికి దిగి నిలబడ్డాను. ఆడుతుందేమోనని చూశాను. బెల్టు లేదని తెలిసీ చూశాను. అది గోడ కట్టేవాళ్లు వదిలే తూకం దారంలా నిటారుగా వేలాడింది.

ఇప్పుడు మేస్త్రీ మంచంలో ఇంకొకాయన ఉన్నాడు. ఆయన భార్య నన్ను చాలాసేపటి నుంచి చూస్తోందని నాకు తెలియలేదు.

"దేనికి కట్టినావు నాయనా?"

బెల్టు గురించి చెప్పాలి. ఫైలు గురించి చెప్పాలి. పక్కనే మంచం మీద ఆమె మనిషి దగ్గుతున్నాడు. నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట.

"గాలి కోసమమ్మా."

ఆమె సంచిలో వెతికి పసుపు గుడ్డ ఒకటి తీసి, ఏదో గొణుక్కుంటూ ముడి వేసింది. నిచ్చెన పట్టుకోమని నాకు సైగ చేసింది. పట్టుకున్నాను. ఆమె ఎక్కి, నా పేలిక పక్కనే కట్టి, రెండు చేతులూ జోడించింది.

రెండూ పక్కపక్కన, కదలకుండా.