దున్నపోతు లేని యముడు

నేను మాచర్ల వెళ్ళింది మా పిన్నికి ఒక బొమ్మ అర్థం చెప్పడానికి. ఆమాత్రం దానికి ఫోను చాలదా అంటారేమో. ఫోనులో పంపబట్టే అంత గొడవ అయింది.

నరసరావుపేటలో నాకు బ్యూటీ పార్లర్ ఉంది. మూడేళ్ళ కింద ఆన్‌లైన్ క్లాసులు విని, జోస్యం చెప్పే టారో కార్డులు చదవడం నేర్చుకున్నాను. సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి అద్దం పక్కన తగిలించాను. డెబ్భై ఎనిమిది కార్డులూ నాకు కంఠతా వచ్చు, చెప్పుకోవడానికి మొహమాటమేమీ లేదు. ఐబ్రోస్‌కి వచ్చిన అమ్మాయిలు పనిలో పనిగా ఒక కార్డు కూడా తీయించుకుని వెళతారు. నేనయితే పొద్దున్నే ఒక కార్డు తీయందే షట్టర్ ఎత్తను.

కోటేశ్వరి మా పిన్ని కూతురు. మాచర్లలో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో, అంటే చీరల మీదకి జాకెట్ ముక్కలు, లైనింగులు, ఫాల్సులు అమ్మే షాపులో, పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. చీర అంచు ఒక్కసారి చూసిందంటే వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి సరిగ్గా ఆ రంగు గుడ్డ లాగుతుంది. శుక్రవారం మధ్యాహ్నం దాని దగ్గర్నుంచి ఫోనొచ్చింది. గురజాలలో షమీమ్ అనే టైలర్ దాని స్నేహితురాలు. బస్టాండు దగ్గర గది తీసుకుంది. సగంలో తను కుట్టుకుంటుంది, మిగతా సగంలో కోటి సొంతంగా మ్యాచింగ్ షాపు పెట్టుకోవచ్చు. అయితే శనివారం సాయంత్రం ఐదింటికల్లా మాట చెప్పాలి, లేకపోతే ఆ సగం సెల్‌ఫోన్లు బాగుచేసే అతనికి ఇచ్చేస్తుంది.

"ఉన్న షాపులోనే ఉండనా, పోనా? కార్డు తియ్యి పద్మక్కా" అంది కోటి.

తీశాను. పదిహేనో నంబరు, డెవిల్ కార్డు వచ్చింది. కుర్చీలో ఒకావిడ ముఖానికి ప్యాకు వేసుకుని కూర్చునుంది. సరే, ముందు ఫోటో పంపి, సాయంత్రం తీరిగ్గా అర్థం చెబుదామనుకున్నాను. ఈలోపు ఆ ఫోటో పిన్ని చూసింది. బొమ్మలో కొమ్ములతో పెద్ద ఆకారం, దాని కాళ్ళ దగ్గర ఒక ఆడ, ఒక మగ, ఇద్దరి మెడల్లోనూ గొలుసులు. మా వైపు ఎవరికి చూపించినా యముడనే అంటారు. పిన్ని కూడా అదే అంది. గురజాల పోతే పిల్ల ప్రాణానికి ముప్పంటూ గడపకి అడ్డంగా కూర్చుంది. తప్పు నాదే. అర్థం చెప్పకుండా బొమ్మ చూపించకూడదని మా మేడం మొదటి క్లాసులోనే చెప్పింది.

అందుకని శనివారం పార్లర్ మూసి పొద్దున ఆరూ ఇరవైకల్లా బస్టాండులో ఉన్నాను. బయలుదేరేముందు కార్డు తీస్తే రథం వచ్చింది, ప్రయాణానికి అంతకన్నా మంచిది లేదు. కొత్త చీర కట్టాను. అది నేరేడు రంగూ కాదు, వంకాయ రంగూ కాదు. నరసరావుపేట మొత్తం తిరిగినా దానికి కలిసే జాకెట్ ముక్క దొరక్క నల్ల జాకెట్ వేసుకున్నాను. బస్టాండు బయట రెండు ఇడ్లీ, కారప్పొడి, టీ. ఆరూ నలభైకి మాచర్ల బస్సు వచ్చింది. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టిచ్చాడు. పొద్దున వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు.

పిడుగురాళ్ళ వచ్చేసరికి ఎనిమిదయింది. అక్కడ సున్నం బట్టీల తెల్లదుమ్ము కిటికీలోంచి వచ్చి ఒళ్ళో పడింది. చీర దులుపుకుని, పిన్నికి ఎలా చెప్పాలో సాధన చేసుకుందామని కార్డు బయటికి తీశాను. పక్క వరసలో ఒకాయన సంచీ నిండా రాగితీగ పెట్టుకుని కూర్చున్నాడు. పేరు మస్తాన్, మాచర్లలో మోటార్లు వైండింగ్ చేస్తాడట.

"ఏందమ్మా, ఒక్క ముక్కతో ఏం ఆట ఆడతన్నారు?" అన్నాడు.

పేకముక్క కాదని చెప్పి, పిన్ని సంగతి కూడా చెప్పాను. ఆయన కార్డు చేతికి తీసుకుని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ చూశాడు.

"యముడైతే దున్నపోతు ఉండాల గదమ్మా. ఇందులో దున్నేది? చిన్నప్పుడు నేను చానా నాటకాలు చూశాలే. దున్న లేకుండా యముడు స్టేజీ ఎక్కడు."

మూడేళ్ళ చదువులో నాకు తట్టని సంగతి అది. ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగానే ఉంది గానీ ఆ మాటని జాగ్రత్తగా మనసులో పెట్టుకున్నాను. గురజాల దాటాక రోడ్డుకి రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, బస్సంతా తుమ్ములు. రెంటచింతలలో పొద్దున తొమ్మిదికే కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. తొమ్మిదీ నలభైకి మాచర్లలో దిగాను.

పిన్ని చింతచిగురు దూస్తోంది. నన్ను చూడగానే, "ఆ ముక్క ఇంట్లోకి తేబాకే పద్మా" అంది. చెప్పులు విడవకముందే దున్నపోతు మాట చెప్పాను. పిన్ని ఒక్క క్షణం ఆలోచించింది.

"బయట కట్టేసి వచ్చుంటాడు" అంది.

అక్కడితో నా వాదన సగం కూలింది. ఇది చావు కార్డు కాదని, మనల్ని పట్టి ఉంచే ఆశల గురించి, మనకి చెడు చేసే మమకారాల గురించి చెప్పే కార్డని అరగంట చెప్పాను. అంతా విని, "మరి మెడలో ఆ పాశం ఏందే? యమపాశం గాకపోతే?" అంది. మధ్యాహ్నం భోజనానికి కోటి వచ్చేదాకా మేమిద్దరం ఆ పాశం దగ్గరే ఉన్నాం.

కోటి షాపు సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ షాపులో రోజూ బోణీ, అంటే మొదటి బేరం, కోటి చేత్తోనే జరగాలి. దాని చెయ్యి మంచిదని యజమాని నమ్మకం. చెడ్డవాడేం కాదు. కోటిని అమ్మా అనే పిలుస్తాడు, పండగకి చీర పెడతాడు, వచ్చినవాళ్ళందరికీ "మా కోటేశ్వరి చెయ్యి" అని గొప్పగా చెబుతాడు. జ్వరమొస్తే ఆటో పంపిస్తాడు, బోణీ చేసి వెళ్ళి పడుకోమ్మా అని. పెళ్ళి మాట ఎత్తితే షాపులో సీజన్ అంటుంది కోటి. సొంత తమ్ముడి పెళ్ళిరోజు కూడా బోణీ చేసి బస్సెక్కింది. నేను మండపంలో ఉన్నాను. అది వచ్చేసరికి తలంబ్రాలు అయిపోయాయి, ఊడ్చేస్తున్నారు. చీపురు పక్కన నిలబడి నవ్విన దాని ముఖం నేను మర్చిపోలేదు. కార్డు ఏం చెబుతోందో నాకు చూడగానే తెలిసింది అందుకే.

ఒంటిగంటన్నరకి కోటి వచ్చింది. చింతచిగురు పప్పు, ఊరమిరపకాయలు, మజ్జిగ. తిని చెయ్యి కడుక్కుని, "ఏదక్కా, చూపియ్యి" అంది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. జాకెట్ కొలత చూసినట్టు కార్డుని దగ్గరికీ దూరానికీ జరిపి చూసింది. బొమ్మలోని ఆడమనిషి మెడ దగ్గర వేలు పెట్టింది.

"ఇదేందక్కా, ఈ మెడకి ఇంత వదులా? జాకెట్ మెడ ఇట్టా కుడితే భుజాల మీంచి జారిపోద్ది. తల వంచితే గొలుసు ఊడొచ్చిద్ది గదా. వీళ్ళెందుకు తీసుకోలా?"

మా మేడం రెండు క్లాసులు తీసుకుని చెప్పిన సంగతి అది. ఆ కార్డులో అసలు కీలకం అదే. నా అయిదు నిమిషాల ఉపన్యాసం చివర్లో చెబుదామని దాచుకున్నాను. కోటి ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి ఒక్క చూపులో పట్టేసింది.

"నువ్వే చెప్పు, ఎందుకు తీసుకోలా?" అన్నాను.

కోటి తన కుడిచెయ్యి చూసుకుంటూ అంది. "వాళ్ళకి అక్కడ బాగుండి ఉంటది. నా చెయ్యి మంచిదంటే నాకూ బాగుంటది అక్కా. షాపు మానితే ఎట్టా అని గాదు నా భయం. ఈ చెయ్యి ఆ గల్లా దగ్గరే పనిచేస్తదేమో, గురజాల పోయినాక ఉత్త చెయ్యేనని తేలితే నేనెవుర్ని అని. ఎవురూ కట్టలా. పన్నెండేళ్ళు నేనే తగిలించుకున్నా."

పిన్ని ఇదంతా వింటూనే ఉంది. "అయితే యముడు గాదంటావా?" అంది కూతురితో.

"యముడైతే పాశం ఇంత వదులుగా ఏస్తాడా అమ్మా?"

పిన్ని కార్డు తీసుకుని తనూ చూసింది. "నిజమేనే. ఆయన బిగించి లాగుతాడు" అంది. పొద్దున్నుంచీ నేను చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది.

రెండూ నలభైకి ఇద్దరం షాపుకి వెళ్ళాం. కోటి నిలబడి, గురజాల పోతున్నానని మాట తిప్పకుండా చెప్పింది. యజమాని కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. గల్లా పెట్టె మీద చెయ్యి పెట్టి, "షాపు పేరు మార్చేద్దాం అమ్మా. కోటేశ్వరి మ్యాచింగ్ సెంటర్ అని రేపే బోర్డు రాయిస్తా" అన్నాడు. కోటి చెయ్యి కౌంటర్ అంచు పట్టుకుంది. పన్నెండేళ్ళు వినాలనుకున్న మాట అది.

"చానా సంతోషం బాబాయ్" అంది కోటి. "ఆ బోర్డు గురజాలలో నేనే రాయించుకుంటాలే."

"మరి బోణీ?"

"నేను గుడ్డ కోసి ఇచ్చేదాన్నంతే. డబ్బు తీసుకుని కళ్ళకద్దుకుంది రోజూ మీరే గదా. మీ చెయ్యి గూడా మంచిదే."

తన కత్తెర ఒక్కటే సంచీలో వేసుకుంది. ఆయన మెట్లు దిగి రోడ్డు దాకా వచ్చాడు.

మూడున్నర బస్సుకి కిటికీ పక్కన కూర్చున్నాం. కోటి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది, నేను చూడనట్టు ఊరుకున్నాను. గురజాలలో ఎలా ఉంటుందో చూద్దామని అలవాటు కొద్దీ కార్డుల పెట్టె తీసి మూత తెరవబోయాను.

"అక్కా, ప్రతిదానికీ దాన్ని అడక్కపోతే నీకు కాలు కదలదా?" అంది కోటి. "నీ మెడలోది ఎంత వదులు?"

మూత తియ్యకుండానే పెట్టెని సంచీ అడుగున పెట్టాను.

నాలుగున్నరకి గురజాల. షమీమ్ మిషను ముందు కూర్చుని గడియారం చూస్తోంది. కోటి ఇంకా సరేననకముందే ఎదురుగా రెండు బీరువాల నిండా జాకెట్ ముక్కలు తెప్పించి సర్దిపెట్టింది. "నువ్వొస్తావని తెలుసే. ఆ సెల్‌ఫోనాయనకి నిన్ననే లేదని చెప్పేశా" అంది. టీ తెప్పించింది. కోటి టీ ముట్టుకోలేదు. నా వైపు తిరిగి చీర కొంగు పట్టుకుని, మడత తిప్పి, వెలుతురులో ఒక్కసారి చూసింది. బీరువా దానికి కొత్తది, ఏ రంగు ఎక్కడుందో తెలియదు. పై అర నుంచి కింది అర దాకా కళ్ళు నడిపించి ఒక ముక్క లాగింది. నా కొంగు మీద వేసింది. ఎక్కడ చీర అయిపోయి ఎక్కడ ముక్క మొదలైందో నాకు కనబడలేదు. పేట మొత్తంలో దొరకని రంగు అది.

"ఎంతే?" అన్నాను.

"నీకెందుకక్కా డబ్బులు" అనబోయి ఆగిపోయింది. బోణీ ఊరికే చెయ్యకూడదు. ధర చెప్పింది, నోట్లు ఇచ్చాను. పన్నెండేళ్ళుగా గుడ్డ కోసిచ్చి, డబ్బు ఇంకొకరు కళ్ళకి అద్దుకుంటుంటే చూసిన మనిషి. నోట్లు రెండు చేతుల్లో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడింది. షమీమ్ మిషను ఆపింది. అప్పుడు కోటి వాటిని తన కళ్ళకే అద్దుకుంది.

ఐదూ యాభైకి నరసరావుపేట బస్సు దొరికింది. సీటులో కూర్చున్నాక నాకూ కళ్ళు తడిశాయి, మా కోటిని చూసి గర్వంతోనే. డెబ్భై ఎనిమిది కార్డులు చదివిన నాకంటే ఒక్క కార్డు చూసిన అదే బాగా చదివింది, ఆ మాట నా పార్లర్‌లో అందరికీ చెబుతాను. ఎప్పుడైనా అటు వెళితే, చీరకి మ్యాచింగ్ దొరక్కపోతే, గురజాల బస్టాండు దగ్గర దిగి అడగండి. ఇంకా బోర్డు లేదు, కత్తెర పట్టుకున్న కోటేశ్వరి అంటే చూపిస్తారు. పిడుగురాళ్ళ దగ్గర లైట్లు వేశారు. ఒళ్ళో ముక్కని చీర మీద పెట్టి మళ్ళీ చూసుకున్నాను, ఆ వెలుతురులో కూడా తేడా తెలియలేదు. రేపు షట్టర్ కార్డు తీయకుండానే ఎత్తాలనుకున్నాను. పెట్టె సంచీ అడుగునే ఉంది.