టమాట తోటకు ఆపినట్టే మోకాలికి మందాపాను

ఈ ఘోరం జరిగిన రోజుల్లో నాకు అక్షరాలు రావు. నోటితో చెప్పబోతే ఇంటిల్లిపాదీ మధ్యలో దూరి నా కథ వాళ్లే చెప్పేసేవారు. అరవై దాటాక మనవరాలి దగ్గర ఓనమాలు దిద్దాను. ఇప్పుడు కలం నా చేతిలో ఉంది. ఎవరు అడ్డొస్తారో రండి!

ఎయిర్‌పోర్టు కొత్తగా వచ్చిన రోజులవి. శంషాబాద్‌లో మా టమాట తోట మీద విమానాలు ఎగురుతుంటే, కింద నేను కుంటుతుండేదాన్ని. చివరికి దవాఖానలో మోకాలు మార్చారు. తొడలోకి దారమంత గొట్టం పెట్టి, దాని చివర బత్తాయంత బంతి తగిలించారు. ఆ బంతిలోని మందు చుక్కచుక్కగా నరం దగ్గరికి చేరుతుందట. నొప్పి జాడే లేదు. ఎవరి కాలో తెచ్చి నా పక్కన పడుకోబెట్టినట్టుంది.

మరునాడు రావిర్యాల నుంచి మా వియ్యపురాలు, నేను వదినా అని పిలిచే ఆమె, చూడ్డానికి వస్తానంది. ఆమెవీ అరిగిన మోకాళ్లే. గోడ పట్టుకుని నడిచేది, ఆపరేషనంటే మాత్రం వణికేది. నన్ను చూశాకే తేల్చుకుంటానంది. ఎలాగైనా ఒప్పించాలని నా పట్టుదల.

ఆ పొద్దున గొట్టానికి ఒక క్లిప్పు కనిపించింది. మడి తడిశాక కూడా తోటలో డ్రిప్పు నీళ్లు కట్టెయ్యని రైతు ఉంటాడా? నొప్పే లేనప్పుడు మందెందుకు పారబోయడం, దాస్తే రాత్రికి పనికొస్తుందని టక్కున నొక్కేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను!

మధ్యాహ్నం వదిన వచ్చింది.

"నొస్తలేదా వదినా?"

"ఏం నొప్పి? చీమ కుట్టినట్టు గూడ లేదు. నువ్వు జర ధైర్యం జెయ్యి."

అంతలో చీమ కుట్టింది. తర్వాత తేలు. ఆ తర్వాత ఎవరో మోకాల్లో రోకలితో పసుపు దంచడం మొదలుపెట్టారు.

"గిట్ల చెమటలు వడుతున్నయేంది?"

"ఉక్క... పోస్తుంది."

"ఏసీ గదిలనా? ఇంతకు నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా?"

"రెండూ... అమ్మో, నా కాలూ!"

ఆ కేకకు దిగబోయే విమానం మళ్లీ పైకి లేచిందేమో! వదిన చెప్పులు చేతబట్టి తలుపు దాకా ఉరికింది, ఆ మోకాళ్లతోనే!

"నాకొద్దమ్మా ఈ ఆపరేషన్!"

కోస్తా జిల్లాల పిల్ల, మా నర్సమ్మ పరుగున వచ్చింది.

"ఈ క్లిప్పు ఎవరు నొక్కారండీ?"

"నేనే బిడ్డా... మందు మిగులుతదని."

"మిగల్చడానికి ఇదేమన్నా ఆవకాయా అమ్మా? నొప్పి రాకూడదనే కదా ఆగకుండా ఎక్కిస్తున్నది!"

క్లిప్పు తీసి, డాక్టరును పిలిచింది. ఆయన ఇంకాస్త మందు ఇచ్చాక, సాయంత్రానికి నొప్పి దిగింది. వదిన భయం మాత్రం నాకు కాలి నొప్పికంటే ఎక్కువ సలిపింది.

మరుసటి పొద్దున ఫోన్ చేసి, బతిమాలి ఆమెను మళ్లీ రప్పించాను. వాకర్ పట్టుకుని, నర్సమ్మ పక్కన ఆసరాగా ఉండగా, తలుపు దాకా నడిచి ఎదురెళ్లాను. వదిన నా కాళ్ల వంకే చాలాసేపు చూసింది.

"చేయించుకుంట వదినా. గానీ ఒక్క మాట. నేను పండుకున్నన్ని దినాలు నువ్వు నా మంచం దిక్కు రావొద్దు."

ఇక ఈ జన్మలో దవాఖాన గొట్టం జోలికి పోనని, నర్సమ్మ నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టు వెయ్యబోయాను. ఆ పిల్ల గబుక్కున తల పక్కకు తీసుకుంది.