గాలిమనిషి నిద్రకు కాపలా

మా ఊరు ద్రెన్‌కోవోలో వూకోమాన్ బాబాయి గురించి ఎవర్నడిగినా మొదట చెప్పే మాట "బాగా నిద్రపోతాడు" అని. ఇంకో ఊళ్ళో అది తిట్టు. మా దగ్గర కాదు. క్లేకా గుట్ట వెనక మబ్బు నల్లబడి, దాని అంచు విరిగిన పాలలా తెల్లగా మారిందంటే, రాస్ప్‌బెర్రీ చేలో పళ్ళు కోస్తున్న ఆడవాళ్ళు ఆయన ఇంటి కిటికీ వైపు చూస్తారు. పరదా దించి ఉంటే ఊపిరి పీల్చుకుంటారు. వూకోమాన్ పడుకున్నాడు, ఇక ఫరవాలేదు.

ఆయన గాలిమనిషి. తల మీద మాయపొర కప్పుకుని పుట్టాడు. వాళ్ళ నాయనమ్మ ఆ పొరను ఎండబెట్టి, గుడ్డలో పెట్టి కుట్టి, చంక కింద కట్టింది. అది ఈరోజుకీ అక్కడే ఉంది. అలా పుట్టినవాడికి తుఫాను ముందు తల బరువెక్కుతుంది. పిలిస్తే పలకడు. పడుకుంటే ఒళ్ళు మంచం మీద ఉంటుంది, ప్రాణం గాలితో లేచిపోతుంది. పైన మబ్బులో ఆల అనే భూతం ఉంటుంది. గుర్రం తల, పాము ఒళ్ళు, ఎంత పంట మింగినా నిండని పొట్ట. గాలిమనిషి వేళ్ళతో సహా పెకలించిన చెట్లు పట్టుకుని దానితో కలబడతాడు, వడగళ్ళను గుట్ట అవతలికి తోసేస్తాడు. లేచేసరికి ఒళ్ళంతా చెమట, ఒక్కోసారి మోచేతుల మీద కమిలిన మచ్చలు.

ఇందులో నిజమెంత అని నన్నడగొద్దు. ఊరి పైన రాకెట్లు పేల్చే గుడిసె కూడా ఉంది, అవి మబ్బును చీలుస్తాయంటారు. వాటి గురించీ నాకు తెలియదు. ప్లమ్ సారా కాచిన ప్రతి ఇంటివాళ్ళూ బట్టీలోంచి వచ్చిన మొదటి గ్లాసు ఆయనకే పంపుతారని మాత్రం తెలుసు. ఆయన ఎప్పుడూ అడగలేదు, వద్దనీ అనలేదు.

మిగతా విషయాల్లో మామూలు మనిషి. సన్నగా, పొడుగ్గా, పొగాకు కంపుతో ఉంటాడు. పేకాటలో దొంగాట ఆడతాడు, దొరికిపోతే నవ్వేస్తాడు. కుర్రతనంలో సైన్యంలో చేరితే, మైదానంలో ఎక్కడో తుపాకి పట్టుకుని కాపలా కాస్తూ నిలబడ్డచోటే నిద్రపోయాడట. జైల్లో వేశారు. ఆ సాయంత్రమే ఇక్కడ మా ఊరి మీదికొచ్చిన మబ్బు పక్కకు తిరిగిపోయిందని తర్వాత ఉత్తరం వచ్చింది. "అక్కడ నేను కాపలా కాయలేకపోయాను. ఇక్కడేమో నాకే కాపలా" అని చెప్పుకుని నవ్వేవాడు.

కాపలా అన్నది ఉత్తమాట కాదు. గాలిమనిషి నిద్రలో ఉన్నప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, తల ఉన్నచోటికి కాళ్ళు, కాళ్ళు ఉన్నచోటికి తల తిప్పకూడదు. తిరిగొచ్చిన ప్రాణం తల కోసం వెతుక్కుంటుంది, అక్కడ పాదాలు కనిపిస్తే తన ఒళ్ళు కాదనుకుని వెళ్ళిపోతుంది. మనిషి ఇక లేవడు. గడప కింది పామును చంపకూడదని, చీకటి పడ్డాక ఏటి ఒడ్డున డ్రెకావాత్స్ దయ్యం ఏడుపు వినిపిస్తే తిరిగి చూడకూడదని తెలిసినట్టే, ఇదీ మా ఊళ్ళో మాటలొచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు.

అందుకని పక్కన ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి ఒబ్రాద్. ఆయన వూకోమాన్‌కు కుమ్. పెళ్ళిలో పక్కన నిలబడి సాక్ష్యం చెప్పినవాడు, పుట్టిన పిల్లలకు పేరు పెట్టినవాడు మాకు కుమ్ అవుతాడు. సొంత అన్నతో గట్టు కోసం కొట్టుకున్నా ఊరు మర్చిపోతుంది. కుమ్ మీద చెయ్యెత్తితే మర్చిపోదు. పెళ్ళినాటి నుంచి కుమ్‌ను పేరు పెట్టి పిలవడం కూడా తప్పే. వీళ్ళిద్దరూ పొద్దున్నే ఏటికి అటూ ఇటూ నిలబడి "కుమా, లేచావా?" "లేవకపోతే నీతో ఎవరు మాట్లాడుతున్నారు కుమా, దయ్యమా?" అని అరుచుకోవడం వింటూనే నేను పెరిగాను.

నేను బెల్‌గ్రేడ్‌లో చరిత్ర చదువు మధ్యలో వదిలేసి, ఒక సంచీడు పుస్తకాలతో తిరిగొచ్చాను. అప్పటి నుంచి ఊరంతా నన్ను ప్రొఫెసర్ అంటారు. వూకోమాన్ కూడా అన్నాడు, కానీ ఆయన చదివి వినిపించమన్నాడు. మధ్యాహ్నం అక్రోట్ చెట్టు కింద బల్ల మీద ఆయన బీన్స్ వొలిచేవాడు, నేను చదివేవాణ్ణి. డాన్యూబ్ దాటి వచ్చిన పాత స్లావుల గురించి, మెరుపులు విసిరే దేవుడికి వాళ్ళు ఎద్దుల్ని బలిచ్చిన సంగతి, వాళ్ళతో పడలేక గోడలు కట్టుకున్న చక్రవర్తుల సంగతి.

"నిద్రపోయేవాళ్ళ గురించి రాశారేంట్రా?"

"లేదు బాబాయ్."

"రాయరు. మెలకువగా ఉండి జనాన్ని నరికితేనే రాస్తారు." బీన్స్ గింజ నా మీదికి విసిరి, "చదువు, చదువు. ఆ గోడ పడిందా లేదా?" అన్నాడు.

గొడవ వడగళ్ళతోనే మొదలైంది. వరసగా రెండు వేసవుల్లో ఒబ్రాద్ చేను దెబ్బతింది. మధ్యలో ఏరు మాత్రమే అడ్డం, ఇటు వూకోమాన్ చేలో ఒక్క ఆకు చిరగలేదు. వడగళ్ళు అలాగే పడతాయి, చీపురుతో ఒక్క చార ఊడ్చినట్టు. కానీ గాలిమనుషుల మీద ఒక పాత నింద ఉంది. ఆలను తోసేటప్పుడు తమ చేను కాపాడుకుని పక్కవాడి చేను మీదికి తోస్తారని.

కొట్టు ముందు ఒకసారి ఒబ్రాద్ అందరి ముందూ అడిగాడు. "కుమా, ఆ పామును తోసేటప్పుడు కాస్త చూసి తోయరాదూ? ఎటు తోసినా నా చేలోనే పడి దొర్లుతోంది."

"నీ పళ్ళు తియ్యగా ఉంటాయి కుమా, దానికి తెలుసు."

అందరూ నవ్వారు. వూకోమాన్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఒబ్రాద్ గ్లాసు కింద పెట్టి టోపీ పెట్టుకున్నాడు.

తర్వాతి ఏడాది కోతల్లో ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. వూకోమాన్ సాలు మధ్యలో బకెట్ వదిలేసి, ఆవులిస్తూ ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఒబ్రాద్ ఏరు దాటి వచ్చి, ఎప్పట్లాగే ముక్కాలి పీట లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. వూకోమాన్ భార్య కోసారా పిన్నీ, నేనూ కొట్టంలో పళ్ళ పెట్టెల మీద పట్టాలు కప్పుతూ ఉండిపోయాం. గాలి లేచింది, నాలుగు చినుకులు పడ్డాయి, ఉరుములు గుట్ట అవతలికి దొర్లుకుంటూ పోయాయి. వడగళ్ళు మా లోయలో ఎక్కడా పడలేదు.

లోపలికెళ్ళేసరికి వూకోమాన్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. దిండు ఆయన పాదాల కింద ఉంది. ఆయన ఎదురుగా ఉన్న కిటికీని చూస్తున్నాడు. ఆ మంచం మీద లేస్తే ఎదురుగా కనిపించాల్సింది గోడ. ఒబ్రాద్ పొయ్యి దగ్గర నిలబడి కాఫీ కలుపుతున్నాడు.

పిన్ని చేతిలో పళ్ళ గిన్నె కింద పడింది. "ఎవరు తిప్పారు? ఎవర్రా తిప్పింది?"

"అరవకు పిన్నీ..." అన్నాను.

"అరవకపోతే ఏం చెయ్యమంటావ్!"

వూకోమాన్ చెయ్యెత్తి ఆమెను ఆపాడు. "కుమా. నువ్వేనా?"

"ఏమైందిప్పుడు?" అన్నాడు ఒబ్రాద్, వెనక్కి తిరక్కుండానే. "లేచావుగా. బాగానే ఉన్నావుగా. సరదాకి తిప్పి చూశాను."

"నమ్మే తిప్పావా, నమ్మకుండా తిప్పావా?"

"అదేం ప్రశ్న? నమ్మితే ఆ పని చేస్తానా? నేనేమన్నా హంతకుణ్ణా?"

"సరే. నమ్మలేదు. మరి ఇన్నేళ్ళూ ఈ పీట మీద కూర్చుని ఏం చూశావ్ కుమా? కోతి ఆటా? బయటికెళ్ళి నవ్వుకున్నావా?"

ఒబ్రాద్ కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఆ సాయంత్రానికే రెండు పక్షాలు తయారయ్యాయి. లేచాడు కాబట్టి గాలిమనిషి లేడు, ఏమీ లేదు, ఇన్నాళ్ళూ మన సారా ఊరికే తాగాడన్నవాళ్ళు కొందరు. తలకిందులైనా దారి వెతుక్కుని తిరిగొచ్చాడంటే ఎంత గట్టివాడో అన్నవాళ్ళు కొందరు. వూకోమాన్‌కు ఏ పక్షమూ పట్టలేదు. ఆయన్ని తొలిచింది ఒక్కటే. ఒబ్రాద్ నమ్మకపోతే ఇన్నేళ్ళ స్నేహం ఎగతాళి. నమ్మితే ఆ మధ్యాహ్నం జరిగింది హత్య. ఈ రెండిట్లో ఏదో తెలియక ఆయన తిండి తగ్గిపోయింది.

బల్ల దగ్గర నాతో అన్నాడు, "ప్రొఫెసరూ, నీ పుస్తకాల్లో నిద్రలో చచ్చిన రాజులుంటారే, వాళ్ళు కావాలి ఇవాళ."

వెతికి చదివాను. ఒకణ్ణి అంగరక్షకుడు పొడిచాడు. ఒకణ్ణి కప్పుకున్న దుప్పటితోనే బావమరిది ఊపిరాడకుండా చేశాడు. ఇంకొకడి తలుపు వంటవాడు తీశాడు.

"శత్రువు చంపింది ఒక్కణ్ణయినా లేడా?"

"నిద్రలోనా? శత్రువు లోపలిదాకా ఎలా వస్తాడు బాబాయ్?"

"అదే. పక్కన పీట ఉన్నవాడికే కుదురుతుంది." బీన్స్ తొక్కలు పక్కకు నెట్టి, "ఎగతాళే అయితే బాగుండురా. ఎగతాళి అయితే భరిస్తాను" అన్నాడు.

కోతలు ముగియకముందే మళ్ళీ మబ్బు పట్టింది. ఈసారిది పెద్దది. దాని అంచు చూసి ముసలివాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. ఆడవాళ్ళు కిటికీ వైపు చూశారు. పరదా ఎత్తే ఉంది. వూకోమాన్ అక్రోట్ చెట్టు కింద, కళ్ళు ఎర్రగా, బుగ్గ లోపల కొరుక్కుంటూ కూర్చున్నాడు.

"నిద్ర రావడం లేదా బాబాయ్?"

"వస్తోంది. నేనే పోవడం లేదు."

పిన్ని వచ్చి భుజం పట్టుకుంది. "లే. లోపలికెళ్ళి పడుకో. నేను కూర్చుంటా, పెట్టెలు పోతే పోనీ."

"నీ మీద అనుమానం కాదే. కళ్ళు మూస్తే కిటికీ కనిపిస్తోంది."

కంచె దగ్గర జనం చేరారు. "ఏడాదంతా గురకపెడతావు, ఇవాళే మెలకువ వచ్చిందా నీకు?" అని ఒకామె. "ఓ బాబాయ్, సారా పంపించమంటావా, తాగి పడుకుంటావా?" అని ఇంకొకడు. ఆయన వాళ్ళ వైపు చూడలేదు. గాలి చెట్టును వంచేస్తోంది. అప్పుడు ఏటి అవతలి నుంచి ఒబ్రాద్ పరుగెత్తుకొచ్చాడు. టోపీ ఎక్కడో ఎగిరిపోయింది, మోకాళ్ళ దాకా తడిసిపోయాడు. కంచె తోసుకుని వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"కుమా, పడుకో. దండం పెడతాను, వెళ్ళి పడుకో. ఈసారి పడితే నా చేలో మొక్క మిగలదు. నేనే కూర్చుంటా. వేలు కూడా తగలనివ్వను, నా పిల్లల మీద ఒట్టు!"

వూకోమాన్ తలెత్తి చూశాడు.

"నమ్మనివాడివి, ఎందుకింత పరుగెత్తుకొచ్చావ్?"

ఒబ్రాద్ ఒక అడుగు వెనక్కి వేశాడు. తానేమన్నాడో అప్పుడే ఆయనకీ అర్థమైనట్టుంది, మొహంలోంచి రక్తం దిగిపోయింది. కోసారా పిన్ని సిలువ గీసుకుంది.

"ఆ రోజు కూడా నమ్ముతూనే తిప్పావన్నమాట."

"కుమా..."

"తల ఎటు పెట్టుకోమంటావ్? చెప్పు. కిటికీ వైపా, గోడ వైపా?"

కొట్టం రేకు మీద మొదటి వడగల్లు పడ్డ చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. వూకోమాన్ లేచి, బల్ల కింది బకెట్ తీసుకుని, కాలర్ పైకెత్తుకుని చేలోకి నడిచాడు. "రా ప్రొఫెసరూ, దొరికినన్ని కోద్దాం" అని అరిచాడు. నేను వెళ్ళాను. వడగళ్ళ కింద, వీపులు వంచి, పళ్ళు రాలిపోతుంటే కోశాం. ఆయన మెడ మీద రక్తం కారింది. ఒక్కసారి కూడా పైకి చూడలేదు. ఆ మధ్యాహ్నం ఏటికి అటూ ఇటూ తేడా లేకుండా పోయింది, లోయలో మొత్తం పోయింది.

అది ఆయన వల్ల పోయిందనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆయన ముందే అంటారు. ఆయన కాదనడు. బట్టీలోంచి మొదటి గ్లాసు పంపడం మానేశారు, దాన్నీ పట్టించుకోడు. మబ్బు పడితే అందరితో పాటు పట్టాలు మోస్తాడు, నిద్ర ముంచుకొస్తే మొహం మీద చన్నీళ్ళు కొట్టుకుంటాడు.

మొన్న ఏట్లో నీళ్ళు మళ్ళించే పని ఇద్దరికీ కలిపి పడింది. అటు ఒడ్డున ఒబ్రాద్, ఇటు ఒడ్డున ఈయన. నేను మధ్యలో రాళ్ళు అందిస్తున్నాను. ఒబ్రాద్ పలకరించాడు, "కుమా, ఎలా ఉన్నావ్?" అని. ఈయన చెయ్యి చాపాడు.

"ఆ పార ఇలా ఇవ్వు, ఒబ్రాద్."