ముందు పడుకోబెట్టాలా, నిలబెట్టాలా

ఎండలో ఆరేసిన యోగా చాపలు వేడెక్కితే రబ్బరు వాసన వస్తుంది. ఈ ఉదయం అమీర్‌పేటలో మా హాలు మీది డాబా ఎక్కగానే ఆ వాసన తగిలి గ్రేసమ్మ టీచర్ గుర్తొచ్చింది. ఆమె తలపుకొస్తే నాకు ప్రేమకంటే ముందు గందరగోళం కలుగుతుంది. ఉన్నమాట చెప్తున్నాను.

ఆమె పంజాగుట్టలో ఒక బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరై, ఈ హాల్లో పొద్దున పూట యోగా నేర్పేది. నేను పక్క సందులోని ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేదాన్ని. నడుము నొప్పితో ఆమె దగ్గరకు వెళ్లాను. నొప్పి తగ్గాక కూడా నన్ను వదల్లేదు. "నువ్వు సుత యోగా చెప్పేదానివే అయితవ్" అంది. ఆసనాల పేర్లు రాసుకోవాలని నలభై దాటిన నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే.

క్లాసుకు ఒక వరుస ఉండాలని మొదట చెప్పింది. ముందు కీళ్లు వదులు చేయాలి. తర్వాత నిలబడి చేసేవి, వెనక్కి వంగేవి, వాటికి విరుగుడుగా ముందుకు వంగేవి, నడుము తిప్పేవి, ఆఖరున శవాసనం. "గీ వరుస తప్పితే ఒళ్లు తిడతది" అనేది. నేను బట్టీ పట్టాను. ఒక వానాకాలం పొద్దున ఆమే తప్పింది. కోచింగు పిల్లలు, ఆఫీసులవాళ్లు తడిసి వచ్చి చాపలు పరిచారో లేదో, అందరినీ శవాసనంలో పడుకోబెట్టింది. సగం క్లాసు అలాగే గడిచింది. మర్నాడూ అదే వాన, అవే మొహాలు. ఆ రోజు మాత్రం వచ్చీరాగానే వీరభద్రాసనంలో నిలబెట్టి చెమటలు పట్టించింది.

"నిన్న పండబెట్టినవ్, ఇయ్యాల నిలబెట్టినవ్. ఏది సరైంది టీచరమ్మా?" అన్నాను.

"రెండు సుత."

"గట్లయితే నేనేం నేర్సుకోవాలె?"

"నన్నడుగుతవేంది సాయమ్మా? మెట్లెక్కి వచ్చేటోళ్లను చూడు."

చూశాను. నాకు మనుషులే కనిపించారు.

తుంటి ఎముక విరిగి ఆమె శ్రీనగర్ కాలనీలో కూతురింట్లో మంచం పట్టాక క్లాసు నా మీద పడింది. హాలు యజమాని మొహం మీదే చెప్పాడు. "నెలరోజులు చూస్తనమ్మా. మంది తగ్గితే కోచింగోళ్లకు ఇచ్చేస్త." ఆమె ఇన్నేళ్లు నిలిపిన క్లాసు నా చేతుల్లో పోతుందేమోనని భయపడి ఆమె దగ్గరకే పరుగెత్తాను.

"ఆఖరికి ఎంతసేపు పండబెట్టాలె?"

"లేవబుద్ధయ్యేదాక."

"గంటసేపే గదా క్లాసు?"

"గదే కష్టం." నవ్వింది. నవ్వితే తుంటి సలిపింది. "నన్ను నవ్వియ్యకే, పో" అని కసిరింది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు కూడా.

మొదటి రోజు వరుస తప్పకుండా మొదలుపెట్టాను. సూర్యనమస్కారాలు అయ్యేసరికి బట్టల దుకాణం నడిపే నస్రీన్ గోడకు ఆనుకుని కూర్చుంది. మిగతావాళ్లు నా వైపు చూస్తున్నారు. తర్వాతి ఆసనం నాకు తెలుసు. దాన్ని పక్కన పెట్టి, "మీకేం కావాలె, చెప్పుండ్రి" అన్నాను.

"జర పండనియ్యి అమ్మా, దమ్ము అందుతలేదు" అంది నస్రీన్.

"పండటానికి ఇంట్ల మంచం లేదా? నేను చెమటకొచ్చిన" అన్నాడు ఒక బ్యాంకు ఉద్యోగి.

సగం మందిని పడుకోబెట్టి, సగం మందిని నిలబెట్టాను. అలాంటి క్లాసు గ్రేసమ్మ టీచర్ ఎన్నడూ చేయలేదు.

బ్యాంకాయన మర్నాటి నుంచి రాలేదు. నస్రీన్ తన చెల్లెల్ని వెంట తెచ్చుకుంది. నెల తిరిగేలోపు కొందరు పోయారు, కొందరు వచ్చారు. యజమాని ఒక పొద్దున వచ్చి, తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి, తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అది మెప్పో విసుగో అర్థం కాలేదు. హాలు మాత్రం మిగిలింది.

ఇప్పటికీ వరుస రాసుకునే వెళ్తాను. ఒక్కోరోజు దాని ప్రకారం చెప్తాను, ఒక్కోరోజు చెప్పను. నస్రీన్ ఇప్పుడు తానూ క్లాసు చెప్పడం నేర్చుకుంటోంది. ఇవాళ్టి వరుస సరైనదేనా అని అడిగితే, క్లాసు అయ్యాక చెప్తానంటాను. అయ్యాక కూడా నాకు తెలియదు.