కప్ప ఈత

అరవైలలో ఒకసారి వరంగల్ నుంచి పరకాల బస్సులో వెళ్తున్నాను. అంతకు ముందు ఏడాదే మా చెల్లెలు గోదావరిలో మునిగి చనిపోయింది. మా వైపు ఆడపిల్లలకు ఈత నేర్పరు.

నా చేతిలోని పేపర్లో, విదేశంలో జరిగిన అంతర్జాతీయ పోటీల్లో ఆడవాళ్ళ వంద మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ గెలిచిన అమ్మాయి ఫోటో ఉంది. పక్క సీట్లో కూతురితో కూర్చున్న రైతు తొంగిచూశాడు.

"కప్ప ఈత గదా సారూ. మా పిల్ల గూడ గిట్లనే కొడుతుండె. బాయిల నేనే నేర్పిన. మొగపోరగాండ్లు గూడ దీని ఎనకాలనే."

తండ్రే కూతురికి ఈత నేర్పడం నాకు కొత్త. "ఇప్పుడూ ఈదుతుందా?" అన్నాను.

"ఏడ సారూ. పోయిన నెల పెద్దమనిషైంది. ఇగ బాయిల దిగనిస్తమా? నలుగురు నవ్వరా?"

నాకు ఒళ్ళు మండింది. నా చెల్లెలికి ఎవరూ ఇవ్వనిది ఈ పిల్లకు ఇచ్చి మరీ లాక్కున్నారు.

పిల్ల ఫోటో మీంచి చూపు తిప్పకుండా అడిగింది. "బాపూ, మరి గామె పెద్దమనిషి కాలేదా?"

"అయింది తల్లీ. అయినా ఈదుతోంది" అన్నాను.

"జర ఆ పేపర్ మడత పెట్టుండ్రి సారూ" అన్నాడాయన.

నేను పెట్టలేదు.